మూడు వందల ఇరవై గ్రాములు

పిల్లల ఆసుపత్రిలో నా ముందు అందరూ నన్ను సిస్టర్ అంటారు, వెనక త్రాసమ్మ అంటారు. వెనక అనేది కూడా నాకు వినపడుతుంది. కోపం రాదు సరికదా, మొన్నమొన్నటి దాకా లోలోపల ముచ్చటగానే ఉండేది. ఇరవై రెండేళ్ళుగా పసిపిల్లల్ని తూస్తున్నాను. నేను రాసిన అంకె మీద డాక్టరమ్మ మళ్ళీ ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

చలికాలంలో మా తూకం గది మంచుముద్దలా ఉంటుంది. బట్టలు విప్పితే పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే త్రాసు మీద అంకె నిలవదు. అందుకని ఆసుపత్రి దుప్పట్లో చుట్టి తూస్తాం. దుప్పట్లు ఉతికి ఆరాక నేనే ఒక్కొక్కదాన్నీ తూచి, దాని బరువు మూల మీద ఎర్ర దారంతో కుడతాను. రిజిస్టరులో మూడు గళ్ళుంటాయి. మొత్తం, దుప్పటి, బిడ్డ. మొత్తంలోంచి దుప్పటి తీసేస్తే మిగిలింది బిడ్డ. ఇది నేను పెట్టిన పద్ధతే. కొత్త త్రాసుకి సున్నా బటన్ ఉంది, దుప్పటి పెట్టి అది నొక్కితే తీసివేత అదే చేసుకుంటుంది. కొత్త సిస్టర్లు అదే వాడతారు. బటన్ నొక్కడం మర్చిపోతే గతేమిటర్రా, నేనైతే మర్చిపోను అనేదాన్ని. నోరా వీపుకు చేటు తేకే అన్నారు పెద్దలు. నేను వినలేదు.

కుట్టుపని చేసే ఒక అమ్మాయి తన మూడు నెలల కొడుకుని తీసుకుని వచ్చిన రోజు సంగతి ఇది. మనిషి సన్నగా, వేళ్ళ కొసలన్నీ సూది గుచ్చిన గుర్తులతో ఉంటుంది. ఆ రోజు పక్క బల్ల దగ్గర కొత్త సిస్టర్ ఒక తీసివేతలో పది గ్రాములు తప్పు రాసింది. నేను బాబుని దుప్పట్లో చుట్టి త్రాసు మీద పెడుతూనే ఆ సిస్టర్ని దులపడం మొదలుపెట్టాను. పది గ్రాములంటే నీకు లెక్కలేదా, పసిప్రాణం అంటే కూరగాయలనుకున్నావా, అంటూ గది గదంతా వినేలా అరిచాను. అరుస్తూనే ఐదు కిలోల నలభై గ్రాములు అని రాశాను. రాసింది మొత్తం గడిలో కాదు. తిన్నగా బిడ్డ గడిలో.

అంతకుముందు నెల వాడి బరువు నాలుగు కిలోల ఏడు వందలు. ఐదు కిలోల నలభై అంటే బాగానే పెరిగినట్టు. కానీ ఆ అమ్మాయి ముఖంలో సంతోషం లేదు. పాలు చాలడం లేదేమో అనిపిస్తోంది సిస్టర్, తాగుతూ తాగుతూ నిద్రపోతున్నాడు, ఒళ్ళు పట్టుకుంటే తేలిగ్గా ఉన్నాడు అంది. నేను నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు నా చెవుల్లో ఉంది. తల్లి చేతికి బిడ్డ ఎప్పుడూ తేలిగ్గానే ఉంటాడమ్మా, నీ చెయ్యి నమ్మాలా, నా త్రాసు నమ్మాలా అన్నాను. ఇంకో మాట కూడా అడిగింది. టైలరింగ్ షాపులో మళ్ళీ పనికి రమ్మంటున్నారు, వెళ్ళవచ్చా అని. నిక్షేపంగా వెళ్ళు అన్నాను.

నెల తిరిగి వచ్చినప్పుడు తూచి, దుప్పటి తీసేసి చూస్తే నాలుగు కిలోల ఏడు వందల యాభై. నెలనెలా వాడి బరువు గుర్తుపెట్టే కార్డు మీద గీత ఒక్కసారిగా కింద పడింది. ఒక్క నెలలో మూడు వందల గ్రాములు దిగిపోతే ఏ డాక్టరైనా బెంబేలు పడుతుంది. డాక్టరమ్మ వాణ్ణి అప్పటికప్పుడు వార్డులో చేర్చుకుని, ఈ నెలలో ఇంట్లో ఏం మారింది అని తల్లిని అడిగింది. ఆ అమ్మాయి, నేను పనికి వెళ్ళానండి అంది.

అంతే, ఆ ఒక్క మాట అందరికీ దొరికింది. భర్త, అతని అక్క, వార్డులో పక్క మంచం వాళ్ళు, అందరూ అదే తీర్మానం చేశారు. నేనూ పక్కనే ఉన్నాను. నేనూ తలూపాను.

నాలుగో రోజు వార్డుకి వెళ్తే ఆమె సీసాతో పాలు పట్టిస్తోంది. నన్ను చూసి, మూడో నెల దాకా బాగా పెరిగాడు కదా సిస్టర్, మీరే అన్నారు కదా, మిషన్ ఎక్కిన నెలలోనే వాణ్ణి ఎండగట్టేశాను అంది. ఏడవడం లేదు. మార్కెట్ ధర చెప్పినట్టు చెప్పింది. నాకెందుకో అక్కడ నిలబడబుద్ధి కాలేదు. కిందికి వచ్చి రిజిస్టరు తీశాను. వాడి మూడో నెల తూకం రోజు పేజీలో అందరి వరసలోనూ దుప్పటి గడి నిండి ఉంది. ఒక్క వాడి వరసలో ఖాళీగా ఉంది.

ఆ రోజు పెద్ద దుప్పటి వాడాను, గుర్తుంది. దాని మూల మీద నా చేత్తో కుట్టిన అంకె మూడు వందల ఇరవై. ఐదు కిలోల నలభైలోంచి అది తీసేస్తే నాలుగు కిలోల ఏడు వందల ఇరవై. అంటే ఆ నెలలో వాడు పెరిగింది ఇరవై గ్రాములు. తరువాతి నెలలో ముప్పై. వాడు ఒక్కసారిగా దిగిపోలేదు. తల్లి పనికి వెళ్ళకముందే ఆగిపోయాడు. తల్లికి తెలిసింది. చెప్పింది. నేను నవ్వాను.

రిజిస్టరు మూసేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని అడగండి. తేలు కుట్టిన దొంగకి నోరెలా వస్తుంది? పది గ్రాములకి గది దద్దరిల్లేలా అరిచినదాన్ని, మూడు వందల ఇరవై గ్రాములు మింగేశానని ఏ మొహంతో చెప్పను? గురివింద తన నలుపెరగదు అని ఎంతమందిని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. బాబు కోలుకుంటున్నాడు కదా, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని మొదటి రెండు రోజులు సర్దిచెప్పుకున్నాను. తరువాత అది కూడా చేతకాలేదు. త్రాసు పళ్ళెం తుడిచిందే తుడిచేదాన్ని. తప్పు చేశాను అనే మాట నాలుగు రోజుల్లో నేనే తప్పు అనే మాటగా మారిపోయింది. అద్దంలో జుట్టు దువ్వుకుంటుంటే, పసివాడి నోటి దగ్గర కూడు లాక్కున్న మనిషి ఇదే అనిపించేది. వంట చేసినా, బస్సెక్కినా, కూతురితో ఫోన్లో మాట్లాడినా, ఆ పనులన్నీ చేస్తున్నది ఆ మనిషే. వేరే నేను మిగల్లేదు.

పదో రోజు బాబుని ఇంటికి పంపారు. బరువు ఎక్కుతున్నాడు, ఫరవాలేదు. వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి నా బల్ల దగ్గర ఆగి, బాబుని ఆరు నెలలు ఆడపడుచు దగ్గర ఉంచుతున్నామని చెప్పింది. ఆవిడ ఇద్దరిని పెంచిన మనిషి. సోమవారం ఉదయం బస్సుకి తీసుకెళ్తుంది. నా చేతిలో వీడు పెరగడు సిస్టర్, అది తేలిపోయింది కదా అంది. తేల్చింది నా అంకె. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట, జాగ్రత్తమ్మా అని.

ఆదివారం ఉదయం కూర్చుని రాజీనామా రాశాను. రెండు పేజీలు. నేను ఈ ఉద్యోగానికి తగను, పసిబిడ్డల్ని ముట్టుకునే అర్హత నాకు లేదు, నా నిర్లక్ష్యం క్షమించరానిది అంటూ ఎక్కడా తగ్గలేదు. రాస్తుంటే కాస్త హాయిగా కూడా ఉంది, అది దాచను. రాయడం అయ్యాక తప్పులు చూడమని మా అత్తగారికి ఇచ్చాను. ఆవిడ ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. తీగలు గుచ్చి ఒకరి లైను ఇంకొకరికి కలిపే రోజులవి. ఇప్పటికీ మాట పొదుపు. అవతల బిల్లు పడుతున్నట్టే మాట్లాడుతుంది.

కళ్ళద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ చదివింది. అసలు జరిగిందేమిటని అడిగింది. చెప్పాను. దుప్పటి సంగతి, ఖాళీ గడి, ఆ నవ్వు, సోమవారం బస్సు, అన్నీ. ఆవిడ మళ్ళీ కాగితం తిరగేసింది.

"ఇందులో ఆ మూడు వందల ఇరవై ఎక్కడా లేదేమే?" అంది.

ఉండాల్సిన అవసరం లేదన్నాను. నేనెలాంటిదాన్నో రాశాను, చాలదా అన్నాను.

"అమ్మాయ్, ఒకసారి నేను చావుకబురు తీసుకెళ్ళి పెళ్ళివారి ఇంటికి కలిపాను. అవతల ఆడవాళ్ళు గొల్లుమన్నారు. అప్పుడు నేనేం చెయ్యాలి? తప్పు లైను పీకి, సారీ చెప్పి, సరైన లైను కలపాలి. అంతేగాని, అయ్యా నేనెంత పాపిష్టిదాన్నో వినండి అని ఆ లైన్లోనే కూర్చుంటే, అసలు కబురు అందాల్సిన వాళ్ళకి ఎప్పుడు అందుతుంది?"

నాకు చిర్రెత్తింది. ఫోను తీగా పసిబిడ్డా ఒకటేనా అత్తయ్యా అన్నాను. తేలిగ్గా తీసిపారేయడానికి ఇది రాంగ్ నంబరు కాదన్నాను.

"తేలికని ఎవరన్నారు? తప్పు పెద్దదే. నువ్వు ఏడవాల్సిందే." కాగితాలు మడిచి నా ఒళ్ళో పెట్టింది. "మొన్నటిదాకా తప్పు చెయ్యనే చెయ్యని దానివి. ఇవాళ పాపిష్టిదానివి. అదీ నీ గొడవే, ఇదీ నీ గొడవే. మధ్యలో ఆ పిల్ల ఏదే? ఆ పిల్లకి నీ గొప్పా అక్కర్లేదు, నీ పాపమూ అక్కర్లేదు. ఆ అంకె కావాలి. రేపు పొద్దున్న బస్సు అన్నావు."

అని కళ్ళద్దాలు తీసి పెట్టెలో పెట్టుకుని, కూరకి కాయలు తరగడానికి వెళ్ళిపోయింది. ఆవిడ మీద కోపంగా ఉంది. సిగ్గుగా ఉంది. ఆవిడన్నది నిజం. వారం రోజులుగా గుండె మీద ఏదో మోస్తున్నాను. ఆ మోసేదాన్నే నేనని రాసుకుంటున్నాను. ఇరవై రెండేళ్ళుగా నేను చేసేది ఒక్కటే పని, దుప్పటినీ బిడ్డనీ వేరువేరు గళ్ళలో రాయడం. నా విషయానికి వచ్చేసరికి మళ్ళీ అన్నీ ఒకే గడిలో పోశాను. రాజీనామా చింపేద్దామనుకున్నాను గాని చింపలేదు. తలగడ కింద పెట్టి, చెప్పులు వేసుకున్నాను.

ముందు డాక్టరమ్మ ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆవిడ, మీరు చెప్పకపోతే నేను ఎప్పటికీ కనుక్కునేదాన్ని కాదు సిస్టర్ అంది. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు. సోమవారం జరిగిందంతా రాసి ఇమ్మంది, పైవాళ్ళకి పంపుతానంది. తల్లికి తాను చెప్తానంది. నేనే చెప్తానన్నాను.

వాళ్ళది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. తలుపు దగ్గర బాబు బట్టల సంచి, పాలడబ్బాలు, సీసాలు సర్ది ఉన్నాయి. ఆడపడుచు లోపలి గదిలో వాణ్ణి నిద్రపుచ్చుతోంది. ఆ అమ్మాయి కింద కూర్చుని చిన్న చిన్న చొక్కాలకి బొత్తాలు కుడుతోంది. మూడు చొక్కాలు. ఒకే గుడ్డ, ఒకే రంగు. ఒకటి మరీ చిన్నది, ఒకటి కాస్త పెద్దది, ఇంకోటి ఇంకాస్త పెద్దది. నేను అడక్కుండానే చెప్పింది. ఆరు నెలల్లో ఎంత పెరుగుతాడో తెలియదు కదా సిస్టర్, అందాజుగా కుట్టాను, ఏది సరిపోతే అది వేస్తుంది వదిన అంది.

అది చూశాక నా పని అయిపోయింది. దారి పొడవునా కూడగట్టుకున్న మాటలు ఎటో పోయాయి. నా అంత పాపిష్టిది లేదమ్మా, నీ మొహం చూసే అర్హత కూడా నాకు లేదమ్మా అంటూ అక్కడే కూలబడ్డాను. ఆ అమ్మాయి కంగారుగా సూది పక్కన పెట్టి, లేచి మంచినీళ్ళు తెచ్చింది. నా వీపు నిమిరింది. ఊరుకోండి సిస్టర్, మీరేం చేశారు, మీరంతా లేకపోతే వాడు దక్కేవాడా అంది.

ఆమె చెయ్యి నా వీపు మీద ఉంది. అప్పుడు తెలిసింది నేనేం చేస్తున్నానో. బిడ్డని పంపించేస్తున్న తల్లి చేత నన్ను ఓదార్పించుకుంటున్నాను. గ్లాసు కింద పెట్టాను.

"ఆ కార్డు తీసుకురామ్మా" అన్నాను.

తెచ్చింది. మూడో నెల చుక్క మీద వేలు పెట్టాను. చేతనైనంత మామూలుగా చెప్పాను. ఆ రోజు వాణ్ణి దుప్పటితో తూచాను. దుప్పటి బరువు తియ్యలేదు. అది మూడు వందల ఇరవై. వాడి అసలు బరువు ఐదు కిలోల నలభై కాదు, నాలుగు కిలోల ఏడు వందల ఇరవై. నేను ఈ సంగతి కనుక్కుని వారం అయింది. చెప్పకుండా దాచాను.

ఆమె కార్డు దగ్గరికి లాక్కుంది. కొలతలు తెలిసిన మనిషి, నేను విడమరిచి చెప్పక్కర్లేదు. పెదవులు కదుపుతూ లెక్క చూసుకుంది. మళ్ళీ చూసుకుంది.

"అంటే నేను పనికి వెళ్ళకముందే..."

"ముందే."

"నేను మిమ్మల్ని అడిగాను."

"అడిగావు. నేను నవ్వాను."

ఆమె మొహం ఎర్రబడింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను కూడా. నా కళ్ళలోకి మళ్ళీ నీళ్ళు వచ్చేశాయి.

"ఏడవకండి సిస్టర్" అంది. గొంతు పెరగలేదు. "మీరు ఏడిస్తే మళ్ళీ నేనే ఊరుకోబెట్టాలి. ఇప్పుడు నావల్ల కాదు. ముందు ఇది దిద్దండి."

కార్డు నా ముందుకి తోసింది. నేను ఎర్ర పెన్ను తీసి, మూడో నెల చుక్క కొట్టేసి, కింద కొత్త చుక్క పెట్టాను. పక్కనే, తూచినవారి పొరపాటు, దుప్పటి బరువు తీసివేయలేదు, అని రాసి సంతకం చేశాను. కొండలా లేచి పడిన గీత ఇప్పుడు నేలబారుగా, రెండు నెలలు ఒకే తీరుగా ఉంది. ఆమె దాని మీద వేలితో ఒక చివర నుంచి ఇంకో చివరకి గీసుకుంటూ వెళ్ళింది. తరువాత కార్డు పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి, ఆడపడుచు పక్కన కూర్చుంది. వదినా ఇది చూడండి అనడం వినపడింది.

బయటికి వచ్చినప్పుడు ఆమె ఒళ్ళో బాబు ఉన్నాడు. వెనకే ఆడపడుచు వచ్చి, నావైపు చూడకుండా, తలుపు దగ్గరి సంచి తీసి మంచం మీద పెట్టింది. అందులోంచి ఒక్కొక్క బట్టా బయటికి తియ్యసాగింది.

"మీరు వెళ్ళండి సిస్టర్" అంది ఆ అమ్మాయి. వెళ్ళాను. బరువు దిగినట్టేం లేదు. ఎంత ఉందో అంతే ఉంది. కాకపోతే మెట్లు దిగుతున్నది నేనేనని తెలుస్తోంది.

పైవాళ్ళు విచారణ జరిపి నాకు మెమో ఇచ్చారు. మూడు నెలలు నా ప్రతి తూకం పక్కనా రెండో సిస్టర్ సంతకం ఉండాలన్నారు. నా రెండో సిస్టర్ ఎవరనుకున్నారు, పది గ్రాములకి నేను దులిపేసిన ఆ కొత్త పిల్లే. మొదటి రోజు అది నా వైపు చూడలేక చచ్చిపోయింది. నేనే రిజిస్టరు దాని ముందుకి జరిపి, సరిగ్గా చూడు, నన్ను నమ్మకు అన్నాను. రాజీనామా ఇంకా తలగడ కిందే ఉంది. పక్క దులిపినప్పుడల్లా అత్తగారు దాన్ని తీసి, మళ్ళీ అక్కడే పెడుతుంది.

ఆ అమ్మాయి తరువాత రెండు నెలలూ బాబుని తెచ్చింది. రెండుసార్లూ పక్క బల్ల వరసలో నిలబడింది. నా బల్ల దగ్గర ఎవరూ లేకపోయినా సరే, అక్కడే నిలబడింది. నాకు బాధ కలిగింది. కలగాలి. ఆ బాధ ఒక పక్కన ఉంచుకుని, నా ముందుకి వచ్చిన పిల్లల్ని తూచాను.

మూడోసారి పక్క బల్ల వరస చాలా పొడుగ్గా ఉంది. ఆమె కాసేపు నిలబడి, అటూ ఇటూ చూసి, నా దగ్గరికి వచ్చింది. బాబు ఒంటి మీద ఆ చొక్కాల్లో మూడోది ఉంది, అన్నిటికన్నా పెద్దది. చేతులు అప్పుడే కురచవుతున్నాయి. నవ్వలేదు, పలకరించలేదు. చొక్కా విప్పి వాణ్ణి దుప్పట్లో చుట్టి త్రాసు మీద పెట్టింది. కానీ దుప్పటి మూల మాత్రం చేత్తోనే పట్టుకుంది, వదల్లేదు.

"దుప్పటి ఎంత?" అంది.

"మూడు వందల ఇరవై."

ఆమె మూల తిప్పి, ఎర్ర దారంతో కుట్టిన అంకె చూసుకుంది. అప్పుడు చెయ్యి తీసింది. నేను మొత్తం రాశాను, దుప్పటి రాశాను, బిడ్డని రాశాను. రిజిస్టరు తిప్పి ఆమె వైపు పెట్టాను. పెదవులు కదుపుతూ తీసివేత మొదటి నుంచి చివరిదాకా చేసుకుంది.

"సరిపోయింది" అంది. బాబుని ఎత్తుకుని, దుప్పటి విప్పి, నా చేతికి ఇచ్చింది.